ఇషుకారన్యాయము - శరనిర్మాణ ప్రక్రియ

శాస్త్రగ్రంథములందు ఇషుకారుడు పలుమార్లు కనబడును. మహాభారత శాంతిపర్వమునందలి బోధ్యగీతలో పేర్కొనబడిన ఆరుగురు గురువులలో అతడొకడు. శ్రీమద్భాగవత ఏకాదశస్కంధమున అవధూత ఎన్నిన ఇరువది నలుగురు గురువులలోను అతనికి స్థానము కలదు. ఆఖ్యాయికాధ్యాయమని ప్రసిద్ధమైన సాంఖ్యసూత్రముల నాల్గవ అధ్యాయము అతనిని ఏకాగ్రతకు ఉదాహరించినది. బ్రహ్మసూత్ర తృతీయాధ్యాయ ద్వితీయపాదమందలి ముగ్ధాధికరణ భాష్యమున శంకర భగవత్పాదులు అతనిని పూర్వపక్షమునను, సిద్ధాంతమునను గూడ నిలిపిరి. కథ అందరెరిగినదే. బాణము చేయుచున్న ఒకడు తన ప్రక్కనుండియే రాజు పోవుచున్నను ఎరుగకుండెను.

పాఠము చెప్పునపుడు ఈ దృష్టాంతము సాధారణముగా ఒక్క వాక్యముతో ముగియును. మనస్సు బాణమునందు లగ్నమైనది కావున రాజును చూడలేదని చెప్పి ముందునకు సాగుట వాడుక. అంతమాత్రముచే ఒక ప్రశ్న తీరదు. కుమ్మరికి, కంసాలికి, సాలెవానికి గూడ పనియందు ఏకాగ్రత ఉన్నదే. వారినందరిని విడిచి శాస్త్రకారులు బాణము చేయువానినే ఏల గ్రహించిరి? విల్లు చేయువానిని ఏల గ్రహింపలేదు? ఈ ప్రశ్నకు సమాధానము శబ్దమునందు దొరకదు, పనియందు దొరకును. శరనిర్మాణ క్రమమును మొదటినుండి తుదివరకు పరిశీలించినచో దృష్టాంతము యొక్క బలమెక్కడ నున్నదో స్పష్టమగును.

ఇషుకారుడు, ధనుష్కారుడు, జ్యాకారుడు

వాజసనేయి సంహితయందలి పురుషమేధ ప్రకరణమున వృత్తుల పట్టిక యొకటి కలదు. అందు ఇషుకారుడు, ధనుష్కారుడు, జ్యాకారుడు అను మువ్వురు వేర్వేరుగా పేర్కొనబడిరి. విల్లొకనిది, అల్లెత్రాడొకనిది, బాణము మరియొకనిది. ఈ విభాగము భారతదేశమునకే పరిమితము కాదు. మధ్యయుగపు ఇంగ్లండునందు నిలువెత్తు విల్లులు యుద్ధమున ప్రధానాయుధములై యుండెను. అచ్చటి లండను నగరమున 1371వ సంవత్సరమున బాణములు చేయువారి శ్రేణి విండ్లు చేయువారి శ్రేణినుండి వేరుపడెను. రెండు పనులకు వలసిన నేర్పులు వేరని ఉభయదేశములవారు గుర్తించిరి.

విల్లు ఒక్కటి చాలును. అది సంవత్సరములు నిలుచును. బాణములు పదులకొలది కావలెను. అవియన్నియు ఒకే తూకము, ఒకే బిగువు కలిగి యుండవలెను. ఒక బాణము మరియొకదానివలె పోనిచో విలుకాని అభ్యాసము వ్యర్థమగును. కావున ఇషుకారుని పని ఒక వస్తువును చక్కగా చేయుటతో ముగియదు. చేసినదానినే మరల మరల భేదము లేకుండ చేయుట అతని విద్య.

తైత్తిరీయ సంహితయు, ఐతరేయ బ్రాహ్మణమును ఉపసత్తుల ప్రస్తావనలో దేవతలు కూర్చిన బాణమును వర్ణించినవి. అనీకము మొన; శల్యము దానిని మోయు ముందరిభాగము; తేజనము పొడవైన కాండము; పర్ణములు వెనుకనుండు ఈకలు. అగ్ని, సోమ, విష్ణువులు క్రమముగా మొదటి మూడు భాగములైరి. ఐతరేయము పర్ణములను వరుణునకు చెప్పినది. తైత్తిరీయశాఖాధ్యాయనము విస్తారముగా గల తెలుగు దేశమున ఈ వాక్యములు నేటికిని వల్లింపబడుచున్నవి. వానియందు ఒక పనివాని లెక్క యున్నదను సంగతి మాత్రము తరచుగా మరుగుపడుచున్నది.

కాండసంగ్రహము

భారతదేశమున బాణమునకు ప్రధానద్రవ్యము రెల్లుజాతి తృణము. శరమను పేరు మొదట మొక్కకు, పిదప బాణమునకు వచ్చినది. అమరకోశము శరతృణమునకు తేజనకమను పర్యాయమును చెప్పుటయు, వేదము బాణకాండమును తేజనమనుటయు ఈ సంబంధమునే తెలుపును. కుమారస్వామి శరజన్ముడైనది ఈ మొక్కల వనముననే. కణుపునకు కణుపునకు నడిమి భాగమైన కాండము గూడ బాణమునకు పర్యాయమైనది. వెదురు, కొయ్య, సంపూర్ణముగా లోహమయమైన నారాచము తరువాత చెప్పదగినవి.

1363లో సంకలితమైన శార్‌ఙ్గధరపద్ధతియందలి ధనుర్వేద ప్రకరణము, వాసిష్ఠ ధనుర్వేదము కాండలక్షణమును ఇంచుమించు ఒకే విధముగా చెప్పినవి. మిక్కిలి లావుగాని, మిక్కిలి సన్నముగాని కారాదు. పండనిది, చెడునేలను పుట్టినది, కణుపులు లోపించినది, చీలినది విడువదగినవి. కణుపులు నిండుగా నుండి, చక్కగా పండి, పాండువర్ణము వచ్చి, తగిన కాలమున కోసి తెచ్చినదై, గట్టిగా గుండ్రముగా నున్నది గ్రాహ్యము. పొడవు పిడికిలి తక్కువగా రెండు హస్తములు, లావు చిటికెనవ్రేలంత. ఇందలి ఒక్కొక్క విశేషణమునకు ఒక్కొక్క లోపము ప్రతియోగి. పచ్చిగా కోసినది ఎండునపుడు ముడుచుకొని వంకరపోవును. ముదిరి చీలినది అల్లెత్రాటి దెబ్బకు విచ్చిపోవును.

ఇంగ్లండునందు ఇట్టి తృణము లేమిచే కొయ్యయే శరణ్యమైనది. 1545లో మునిగిన మేరీ రోజ్ అను యుద్ధనౌకను 1982లో సముద్రమునుండి పైకి తీసిరి. దానియందు నూటికి పైగా సంపూర్ణమైన విండ్లు, మూడువేలకు పైగా బాణములు లభించినవి. విండ్లు యూ అను చెట్టువి. బాణములలో పెక్కు పోప్లరు కొయ్యవి. భూర్జజాతికి చెందిన బర్చ్, ఆష్ మొదలగునవియు కలవు. నౌక మునిగిన సంవత్సరముననే రోజర్ ఆస్కమ్ అను పండితుడు విలువిద్యపై టాక్సోఫిలస్ అను గ్రంథమును ప్రకటించి, బాణమునకు పనికివచ్చు కొయ్యలను వరుసగా చర్చించి, యుద్ధబాణమునకు ఆష్ కొయ్యను మెచ్చుకొనెను. పోప్లరుజాతిదే యైన ఆస్పెన్ కొయ్యతో పాదరక్షలు చేయుటను 1416లో ఒక శాసనముచే ఆ దేశమున నిషేధించిరి. బాణములకు కొయ్య కొరత కలుగరాదని దాని ఉద్దేశము.

కొయ్యబాణము చేయువాడు దుంగను రంపముతో కోయుటకంటె పోగువెంట చీల్చుటను మేలనును. రంపము తన దారిని తాను పోవును. చీలిక కొయ్య దారిని పోవును. పోగు కాండము పొడవునను సాగినచో బలము నిలుచును. మధ్యలో ప్రక్కకు తొలగినచో విడుచునపుడు అచ్చటనే విరుగును. విరిగిన ముక్క విలుకాని చేతిలోనికి దిగుట ప్రాణాపాయమునకు దారితీయవచ్చును. కావున చీల్చిన పేళ్లను నీడపట్టున ఆరబెట్టి, చిత్రికపట్టి మొదట చతురస్రముగా తీర్తురు. తరువాత నాలుగు అంచులను తీసి అష్టాస్రముగా, మరల అంచులు తీసి పదునారు ముఖములు గలదానిగా చేసి, కడపట గుండ్రముగా నునుపుచేయుదురు. స్తంభమును గుండ్రము చేయుటకు శిల్పులు అనుసరించు చతురస్ర, అష్టాస్ర, షోడశాస్ర క్రమమే ఇది.

ఋజూకరణము

ఇంతవరకు చేసిన పని ఏ వడ్రంగికైనను సాధ్యము. ఇకమీదటిది ఇషుకారునకే చెందినది. ఎంత జాగ్రత్తతో ఎంచినను రెల్లు కణుపులవద్ద వంగియుండును. ఎంత చక్కగా చిత్రికపట్టినను కొయ్య ఆరుచు వంకర తిరుగును. దానిని తిన్నగా చేయుటయే ఋజూకరణము. ధమ్మపదము ఒకటికంటె ఎక్కువ చోట్ల ఇషుకారుని పేర్కొని, అతనికి ఈ పనినే లక్షణముగా చెప్పినది. అచ్చట కాండమునకు వాడిన తేజనమను పేరు వైదికశబ్దమే.

ఈ పని జరుగు తీరును పాలీ వాఙ్మయము ఆశ్చర్యము కలిగించునంత స్పష్టముగా తెలుపుచున్నది. మజ్ఝిమనికాయమందలి దేవదహసూత్రము ప్రకారము ఇషుకారుడు రెండు కొరవుల నడుమ కాండమును బాగుగా కాచి తిన్ననిదిగా, పనికి లొంగునదిగా చేయును. మహాజనకజాతకమున అతడు నిప్పుల పాత్రయందు బాణమును కాచి, పులిసిన గంజితో తడిపి, ఒక కన్ను మూసి రెండవ కంటితో చూచుచు వంపు తీర్చును. రాజ్యము విడిచి పోవుచున్న జనకుడు కారణమడుగగా, రెండు కన్నులతో చూచినపుడు చూపు విశాలమై వంపు తెలియదని, ఒక కన్ను మూసిననే తెలియునని అతడు బదులు చెప్పును.

ఈ వర్ణనలోని ప్రతి అంశమునకు కారణము కలదు. వేడికి కొయ్యలోని పోగులను బంధించియున్న పదార్థము మెత్తబడును; తడి ఆ మార్పునకు తోడ్పడి పైపొర మాడకుండ కాపాడును. అపుడు వంపునకు ఎదురుగా నొక్కి, చల్లారువరకు పట్టియుంచినచో కాండము క్రొత్త ఆకృతిని నిలుపుకొనును. వేడి చాలకున్న మరల వెనుకకు వంగును. మించినచో పెళుసై పుటుక్కున విరుగును. అనుకూలమైన వేడి నిలుచునది కొన్ని క్షణములు మాత్రమే. ఆ క్షణములలోనే చివరనుండి చివరకు చూచి వంపును గుర్తింపవలెను, బొటనవ్రేలితో దాని స్థానమును పట్టవలెను, తగినంత నొక్కవలెను. తీర్పవలసిన హద్దును కొంచెము దాటించి నొక్కుటయు తప్పదు, ఏలయన విడిచిన పిదప కాండము కొంత వెనుకకు వచ్చును. ఆ కొంచెమెంతయో చేతికి తెలియవలెను.

అంతటితో పని ముగియదు. పెద్ద వంపు తీరిన పిదప దానిచాటున నున్న చిన్న వంపు బయటపడును. దానిని తీర్చగా మొదటి చోట మరల సవరణ కావలసియుండును. కుమ్మరి చక్రమును ఒకమారు ఆపవచ్చును. సాలెవాడు పడుగు విడిచి తిరిగివచ్చి అచ్చటినుండియే నేయవచ్చును. వేడెక్కిన కాండమును పట్టియున్నవాడు తల త్రిప్పినచో ఆ వేడి పోవును. మరల మొదటినుండి కాచవలెను. పలుమార్లు కాచిన కాండము బలహీనమగును. రాజు పోవుచున్నాడని చూచుటకు పట్టునంత కాలము ఈ పనిని చెరచుటకు చాలును. ధనుష్కారుని పనియందు ఇంతటి త్వర అరుదు. విల్లును కొంచెము కొంచెముగా చెక్కి, వంచి చూచి, మరునాడు మరల చెక్కవచ్చును. శాస్త్రకారులు ఇషుకారుని ఎంచుకొనుట యాదృచ్ఛికము కాదనుటకు ఇది ప్రథమ హేతువు.

అజిహ్మగము

అమరసింహుడు బాణమునకు చెప్పిన పేళ్లలో అజిహ్మగమొకటి. వంకరగా పోనిదని అర్థము. జిహ్మగమని అతడే సర్పమునకు పేరు చెప్పెను. ఇషుకారుడు తీర్చిన ఋజుత్వమే ఈ నామమునకు ప్రవృత్తినిమిత్తము.

ఐనను ఇందొక విశేషము కలదు. బాణము వింటి నడుమనుండి పోదు, ప్రక్కనుండి పోవును. అల్లెత్రాడు వెనుకనుండి నెట్టినపుడు కాండము కొంత వంగి, వింటిని చుట్టి తప్పుకొని, అటునిటు ఊగుచు కొంతదూరము పోయి పిదప నిలకడ పొందును. ఇరువదవ శతాబ్దమున అతివేగ ఛాయాచిత్రములు దీనిని ప్రత్యక్షము చేసినవి. అజిహ్మగము విడువబడిన క్షణమున జిహ్మగమువలెనే పోవుచున్నదన్నమాట. కావున కాండము తిన్ననైనంత మాత్రమున చాలదు. వింటి బలమునకు తగిన బిగువు దానికుండవలెను. మిక్కిలి బిరుసైనది ఒక ప్రక్కకు, మిక్కిలి మెత్తనిది రెండవ ప్రక్కకు తప్పిపోవును. చిత్రములు లేని కాలమున ఈ బిగువును పరీక్షించుటకు సాధనము చేతి స్పర్శయే. ఇషుకారుడు కాండమును వ్రేళ్లతో వంచి విడిచి, అది వెనుకకు వచ్చు తీరును బట్టి జతలు ఏర్పరచెడివాడు.

స్త్రీ పుం నపుంసక శరములు

ధనుర్వేదము శరములను స్త్రీ, పుం, నపుంసకములని మూడు విధములుగా చెప్పినది. ముందుభాగమున లావైనది స్త్రీ, వెనుకభాగమున లావైనది పురుషుడు, అంతట సమమైనది నపుంసకము. స్త్రీశరము దూరము పోవును. పుంశరము దృఢమైనదానిని భేదించును. సమశరము లక్ష్యాభ్యాసమునకు ప్రశస్తము. ఈ విభాగమును కేవలము కవిసమయముగా తలచుట కలదు. కాని మేరీ రోజ్ నౌకయందలి బాణములలోను అంతట సమమైనవి, తోకవైపునకు సన్నగిల్లినవి, నడుమ లావైనవి వేర్వేరుగా కనబడుచున్నవి. ఒండొరులనెరుగని రెండు దేశముల పనివారు కాండపు లావును స్థానభేదముచే మార్చుచుండిరి. బరువు ముందునకు చేరినపుడు గమనమునకు నిలకడ కలుగును. తోక సన్నగిల్లినపుడు వృథాభారము తగ్గును. స్త్రీశరము దూరపాతియనుట కీ యుపపత్తి చాలును.

పుంఖము, పక్షములు

పుంఖానుపుంఖముగా అను ప్రయోగము తెలుగువారి నోట నిత్యము వినబడును. ముందరి బాణపు పుంఖమునకు వెనుకటి బాణము తగులునట్లు ఎడతెగక వేయుట దీని మూలార్థము. పుంఖమనగా అల్లెత్రాడు కూర్చుండు గాడి గల వెనుకటి కొన. తెలుగున దీనిని పింజయందురు. ఈకకు గరియని పేరు.

కొయ్యబాణమున గాడిని వార్షికవలయములకు అడ్డముగా కోయవలెను. వలయములవెంట కోసినచో త్రాటి దెబ్బకు కొయ్య గాడినుండి చీలిపోవును. బలమైన ఇంగ్లీషు విండ్లకు ఇదియు చాలదు. గాడికి అడ్డముగా మరియొక చీలికను కోసి, అందు పలుచని కొమ్ముబద్దను అతికి, దానిమీదుగా గాడిని తీసెడివారు. రెల్లుబాణమున గాడి కణుపునకు చేరువనుండునట్లు చూతురు, లేదా గట్టికొయ్య ముక్కను చొప్పించి దానియందు గాడి తీయుదురు. ద్రవ్యము మారినను భయమొక్కటే: చీలిక.

ఈకలకు ధనుర్వేదము కాకి, హంస, క్రౌంచము, నెమలి, గృధ్రము, కురరము మొదలగు పక్షులను పేర్కొని, బాణమునకు నాలుగు పక్షములను, ఆరంగులముల పొడవున కూర్చి, నరపు పోగులతో బిగింపుమన్నది. శార్‌ఙ్గధనుస్సు బాణమునకు పక్షము పదియంగులములు. ఆంగ్లేయులు పెద్దబాతు ఈకలను మూడేసి కూర్చి, జిగురుతో అతికి, సన్నని దారమును ఈకపోగుల నడుమనుండి మెలికగా చుట్టెడివారు. మూటిలో ఒకటి గాడికి లంబముగా నుండి వింటికి వెలుపలివైపు నిలుచును. మిగిలిన రెండు వింటిని ఒరసికొని జారిపోవును. 1417లో అయిదవ హెన్రీ ప్రతి పెద్దబాతునుండి ఆరేసి ఈకలను సేకరింపుమని మండలాధికారులకు ఉత్తరువిచ్చెను.

సంఖ్య మూడైనను నాలుగైనను ఒక నియమము తప్పదు. ఒక బాణమునకు కూర్చు ఈకలన్నియు ఒకే వైపు రెక్కనుండి తీసినవై యుండవలెను. కుడిరెక్క ఈక ఒకవైపునకు, ఎడమరెక్క ఈక రెండవవైపునకు వంగియుండును. కలిపి కూర్చినచో ఒకటి త్రిప్పినదానిని మరియొకటి ఆపును. ఈకను నడిమి ఈనెవెంట చీల్చి, ఈనెను పలుచగా గీకి, అడుగు సమముచేసి అతుకుటలో ఎచ్చటనైనను ఒక వెంట్రుకవాసి తేడా వచ్చినను బాణము దానిని దాచుకొనదు, గాలిలో చాటును.

ఫలము, పాయనము

మొనను చేయువాడు కమ్మరి, ఐనను దానిని ఎంచుట, కూర్చుట ఇషుకారుని పనియే. ఆరాముఖము, క్షురప్రము, గోపుచ్ఛము, అర్ధచంద్రము, సూచీముఖము, భల్లము, వత్సదంతము మొదలగు ఫలభేదములను ధనుర్వేదము చెప్పి, దేశదేశమున ఇంకను పెక్కు రూపములు గలవని ముగించినది. ఋగ్వేద షష్ఠమండలమందలి ఆయుధసూక్తము కొమ్ముమొనను, లోహముఖమును గూడ ఎరుగును.

ఫలమునకు చెప్పిన పాయనవిధి పరిశీలింపదగినది. పిప్పలి, సైంధవము, కోష్ఠము గోమూత్రముతో నూరి పూసి, అగ్నియందు కాచి, మయూరకంఠ వర్ణము వచ్చినపుడు నీటిని త్రావింపవలెనని విధి. ఉక్కును సుమారు 300 డిగ్రీల సెంటీగ్రేడు వరకు కాచినపుడు పైపొరయందు కనబడు నీలకాంతికి ఇంతకంటె చక్కని ఉపమానము దొరకదు. ఆ వర్ణము పసుపు, కపిలము, ఊదా రంగుల పిమ్మట వచ్చి, నిలువక దాటిపోవును. ఉష్ణమాపకము లేని కాలమున కన్నే మాపకము. ఋజూకరణమున చేయి వేడిని కనిపెట్టినట్లే ఇచ్చట కన్ను వర్ణమును కనిపెట్టవలెను.

ముగ్ధాధికరణమునకు మరల

ఇపుడు శాస్త్రసందర్భమునకు రావచ్చును. ముగ్ధాధికరణమున మూర్ఛ జాగ్రదవస్థయందే అంతర్భవించునా యని విచారము. మూర్ఛితుడు ఇషుకారునివంటివాడు, మేల్కొనియున్నను మనస్సు బాధయందు చిక్కుటచే ఇతర విషయములను చూడడని పూర్వపక్షి వాదము. సిద్ధాంతి దానిని ఇషుకారుని మాటతోనే ఖండించెను. పని ముగిసిన పిదప ఇషుకారుడు తానింతసేపును బాణమునే ఎరుగుచుంటినని చెప్పును. మూర్ఛ తేరినవాడు తాను చీకటిలో పడియుంటిననియు, ఏమియు తెలియలేదనియు చెప్పును. కావున రెండును ఒక్కటి కావు.

బాణమునే ఎరుగుచుంటిననుటలో ఆ ఎరుక ఎంత విస్తృతమో శరనిర్మాణ క్రమము చూపినది. పోగు దారి, కణుపు బలము, వేడి పరిమాణము, వంపు స్థానము, చేతికి తిరిగివచ్చు బిగువు, ఈక వంపు, లోహపు వర్ణము: ఇన్ని జ్ఞానములు ఒకే విషయమును ఆశ్రయించి యున్నవి. విషయమొకటి, వృత్తులు పెక్కు. ఏకాగ్రతయనగా తెలివి సన్నగిల్లుట కాదు, తెలివి యంతయు ఒకచోట చేరుట. ఇషుకారుడు రాజును చూడకపోవుటను మాత్రమే చెప్పి, బాణమున అతడు చూచుచున్నదానిని చెప్పకున్నచో విద్యార్థికి పూర్వపక్షియొక్క ఇషుకారుడే మిగులును, సిద్ధాంతియొక్క ఇషుకారుడు దొరకడు.

సాంఖ్యసూత్రమునందలి పదవిభాగమునకును ఇది తోడ్పడును. నైకచిత్త అను చోట నఞర్థమును వేరుపరచినచో, ఏకచిత్తునకు సమాధిహాని లేదను అర్థము సిద్ధించి ఇషుకారుడు అన్వయదృష్టాంతమగును. సమాసముగా గ్రహించినచో అనేకచిత్తునకు హాని యను అర్థము వచ్చి, ఇషుకారుడు వ్యతిరేకమునకు పోవలసివచ్చును. విజ్ఞానభిక్షువు మొదటి విభాగమునే గ్రహించెను. వేడి కాండమును చేతబట్టినవాని స్థితిని తెలిసినవానికి రెండవది తోచదు.

పాఠము చెప్పువారికి ఇందుకు గొప్ప సాధనములు అక్కరలేదు. నల్లమల చెంచులలోను, గోదావరి మన్యపు కోయలు, కొండరెడ్లలోను విల్లంబుల వాడుక ఇటీవలి తరములవరకు నిలిచియున్నది. ఆ పెద్దల చేతి నేర్పు గ్రంథవ్యాఖ్యకు ఉపకరించును. అదియు లభింపనిచోట ఒక వంకర రెల్లుకాడ, కొన్ని నిప్పులు, తడిబట్ట చాలును. విద్యార్థి ఒక కన్ను మూసి దానిని తిన్నగా చేయ యత్నించినచో, ఆ కాసేపు తరగతి ద్వారమున ఎవరు వచ్చి పోయినదియు అతడెరుగడు. అడిగినచో కాడ సంగతి అంతయు చెప్పును. భాష్యవాక్యమునకు అంతకంటె సులభమైన వ్యాఖ్య లేదు.